"తగ్గిపోయింది కదా, ఇంకా మందులెందుకు?": పిల్లల్లో పేగుపూత, అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయిని వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఓపీకి తీసుకొచ్చారు. అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే పేగుపూత. రోజుకు పది పన్నెండుసార్లు రక్త విరేచనాలు, హిమోగ్లోబిన్ 6. ఏడాది క్రితం ఇదే పాపకు జబ్బు చక్కగా అదుపులోకి వచ్చింది. మందులు ఎప్పుడు ఆపారని అడిగాను. "పూర్తిగా తగ్గిపోయింది కదా అని పరీక్షల ముందు ఆపేశాం డాక్టర్ గారూ. అన్ని మాత్రలు మింగితే నీరసం వస్తుందన్నారు" అన్నారు తల దించుకుని. ఎవరన్నారంటే, చుట్టాల్లో ఒకాయన.

ఆ తండ్రి మీద నాకు కోపం రాలేదు. ఆ సలహా ఇచ్చినాయన మీద వచ్చింది. ఇదే మాట నెలకు ఒకరిద్దరి దగ్గరైనా వింటున్నాను.

అపోహ: విరేచనాలు ఆగి, నొప్పి పోతే జబ్బు పోయినట్టే.

వాస్తవం: టైఫాయిడ్‌కు కోర్సు ఉంటుంది, అయిపోగానే ఆపేస్తాం. పేగుపూతలో రెండు రకాలైన క్రోన్స్ (పేగుల్లో ఎక్కడైనా రావచ్చు), కొలైటిస్ అలాంటివి కావు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పేగు గోడ మీద పడుతుంది. పిల్లవాడు హాయిగా తింటూ, క్రికెట్ ఆడుతున్నా లోపల పుండ్లు పూర్తిగా మానకపోయి ఉండొచ్చు. అందుకే బాగున్న పిల్లలకు కూడా పేగులో వాపు ఉందేమో చూసే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష రాస్తాం, అవసరమైతే కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) మళ్లీ చేస్తాం. వాడు బాగున్నది మందు పనిచేస్తున్నందుకే.

చాలా ఇళ్లలో చిక్కు స్టెరాయిడ్ దగ్గర మొదలవుతుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, కొన్ని వారాల్లో డోసు తగ్గిస్తూ ఆపేస్తాం. మెసలమైన్, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి వేరు. అవి జబ్బు మళ్లీ రాకుండా కాపలా కాసే మందులు. "స్టెరాయిడ్ మెల్లగా ఆపేద్దాం" అని మేం చెప్పిన మాట ఇంటికి చేరేసరికి "డాక్టర్ మందులు ఆపేయమన్నాడు" అవుతుంది. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బిందని పాప అద్దం ముందు ఏడుస్తుంది, ఆ కోపం కవర్లో ఉన్న మాత్రలన్నిటి మీదకూ పోతుంది. ముఖం ఉబ్బడం డోసు తగ్గాక పోతుంది. కానీ స్టెరాయిడ్‌ను కూడా ఒక్కసారిగా ఆపకూడదు. వారాల తరబడి బయటినుంచి అందుతుంటే ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేసుకుంటాయి. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు.

కాపలా మందులు ఆపితే ఏమవుతుంది? చాలామందికి వెంటనే ఏమీ కాదు. మోసపోయేది అక్కడే. రెండు మూడు నెలలు బాగానే గడుస్తాయి, "చూశారా, మందులు లేకుండానే బాగున్నాడు" అనుకుంటారు. తిరగబెట్టాక అజాథయోప్రిన్ మళ్లీ మొదలుపెడితే అది పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ నెలల తరబడి మానేస్తే శరీరం దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. అప్పుడు ఒకసారి బాగా పనిచేసిన మందు మళ్లీ పనిచేయకపోవచ్చు, ఎక్కిస్తే రియాక్షన్ కూడా రావచ్చు. క్రోన్స్‌లో పేగు సన్నబడి, ఫిస్టులాలు (పేగు నుంచి పక్కకు తెరుచుకునే అసహజ దారులు) పడి ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. కొలైటిస్ మరీ ముదిరితే పెద్దపేగే తీసేయాల్సి వస్తుంది.

ఈ మందులకు సైడ్ ఎఫెక్ట్స్ లేవని నేను చెప్పను. అజాథయోప్రిన్‌తో తెల్లకణాలు పడిపోవచ్చు, అందుకే రక్త పరీక్షలు మానొద్దంటాం. డోసు తగ్గించే రోజూ రావచ్చు. అది పరీక్షలు చూసి కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. ఖర్చు భరించలేకపోతే ఆ మాటే మాతో చెప్పండి, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులకు దాదాపు సమానంగా పనిచేస్తూ తక్కువ ధరకు దొరికే బయోసిమిలర్లు ఉన్నాయి. చెప్పకుండా మానేయడం ఒక్కటే వద్దు.

మా అక్క కొడుక్కి పదిహేనో ఏట క్రోన్స్ బయటపడింది. మన దగ్గర చాలామందికి జరిగినట్టే ముందు పేగు టీబీ అనుకున్నారు. ఆరు నెలలు ఆ మందులు వాడినా తగ్గకపోతే అప్పుడు తేలింది. ఏడాది తర్వాత ఒక రాత్రి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, వాడు బానే ఉన్నాడు కదరా. రోజూ ఆ మాత్ర చేతిలో పెడుతుంటే నా బిడ్డకు జబ్బుందని రోజూ గుర్తొస్తోంది. కొన్నాళ్లు ఆపితే ఏమవుతుందిరా?" తమ్ముడు ఇదే జబ్బుకు వైద్యం చేసే డాక్టరైనా ఆ తల్లి బాధ ఆగలేదు. తెలియకనే ఆపేస్తారనుకునేవాణ్ణి. ఆ ఫోన్ తర్వాత అలా అనుకోవడం మానేశాను. "ఆపాలనిపించిన ప్రతిసారీ ముందు నాకు ఫోన్ చెయ్యి అక్కా" అన్నాను. చాలాసార్లే చేసింది. ఒకసారైతే వాడే హాస్టల్లో ఫ్రెండ్స్ చూస్తారని మాత్రలు పారేస్తున్నాడని చెప్పి ఏడ్చింది. ఈ వయసు పిల్లలున్నవాళ్లు తిట్టకుండా, నెలకోసారి మాత్రల స్ట్రిప్పులు లెక్క చూసుకోండి.

మిగతావి త్వరగా చెప్తాను. కారం తిన్నందుకు ఈ జబ్బు రాలేదు, మీ వంట తప్పు కాదు. అంటుకోదు, బిడ్డ కంచం వేరు పెట్టకండి. పిల్లలకు మలంలో రక్తం పడితే మొలలని ఇంట్లోనే తేల్చేయకండి. ఎత్తు ఆగిపోతే స్టెరాయిడ్ ఒక్కటే కారణం కాదు, అదుపు తప్పిన జబ్బూ ఎదుగుదలను ఆపుతుంది. నెలసరి నొప్పికి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి, జబ్బు తిరగబెట్టవచ్చు. లోపల ఏముందో రాసి లేని పొడులు, పసర్లు వద్దు. ఆడపిల్ల పెళ్లి గురించి కుమిలిపోకండి. జబ్బు అదుపులో ఉన్నప్పుడు గర్భం దాల్చి, పండంటి బిడ్డల్ని కన్నవాళ్లు ఎందరో ఉన్నారు. మెథోట్రెక్సేట్ లాంటి ఒకటి రెండు మందులు గర్భానికి ముందే మార్చాలి, అంతే.

ఆ అమ్మాయి ఇంకా వార్డులోనే ఉంది. నిన్నటికి విరేచనాలు నాలుగుకు తగ్గాయి, ఇడ్లీ అడిగి తింది. సాయంత్రం రౌండ్స్‌కి వెళ్తే వాళ్ల నాన్న మందుల చీటీ, రెండు పెన్నులు పట్టుకుని నిలబడి ఉన్నారు. తగ్గిస్తూ ఆపేది ఎర్ర సిరాతో, ఆపకూడనివి నీలం సిరాతో నాచేత రాయించుకున్నారు.