గుడ్డు ఎలర్జీ రక్తపరీక్ష: అపోహలు - వాస్తవాలు

పిల్లల ఎలర్జీలు చూసే డాక్టర్‌ని కాబట్టి నా వాట్సాప్ నిండా ల్యాబ్ రిపోర్టుల ఫొటోలే. "గుడ్డు పాజిటివ్ అట డాక్టర్ గారూ, మానేయమంటారా?" అంటారు. నేను అడిగేది ఒకటే: తిన్నప్పుడు ఏమైంది?

అపోహ: పాజిటివ్ వస్తే ఎలర్జీ ఉన్నట్టే.
కాదండీ. గుడ్డుకు వ్యతిరేకంగా ఒంట్లో ఐజీఈ అనే ఎలర్జీ రకం యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చెప్పడం వరకే ఈ పరీక్ష పని. రిపోర్టులో 'ఎగ్ వైట్ (తెల్లసొన) 1.2 kU/L, క్లాస్ 2' అని ఎర్రక్షరాల్లో ఉంటుంది, బాబేమో దద్దుర్లూ వాంతులూ ఏమీ లేకుండా రోజూ ఆమ్లెట్ లాగించేస్తుంటాడు. ఆ అంకెకు భయపడి గుడ్డు మాన్పించారనుకోండి, అందులోనూ ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లలకి, కొన్ని నెలల తర్వాత మళ్లీ పెట్టినప్పుడు నిజంగానే రియాక్షన్ రావచ్చు. లక్షణాలేవీ లేకపోయినా నలభై యాభై పదార్థాలకు ఒకేసారి చేసే ప్యాకేజీలంటే అందుకే నాకు ఒళ్లు మంట. ఐజీజీ అనే వేరే రకం యాంటీబాడీలను కొలిచే ప్యానెల్ అయితే ఎలర్జీ తేల్చడానికి అస్సలు పనికిరాదు.

అపోహ: అంకె పెద్దదైతే రియాక్షన్ కూడా పెద్దదే.
అంకెతోపాటు పెరిగేది ఎలర్జీ నిజమయ్యే అవకాశం, తీవ్రత కాదు. తెల్లసొనకు 7 దాటితే, రెండేళ్లలోపు పిల్లల్లో 2 దాటినా, ఎలర్జీ ఉండే అవకాశం చాలా ఎక్కువని లెక్క. అంతకంటే తక్కువ అంకెతోనే ఊపిరాడక ఎమర్జెన్సీకి వచ్చే పిల్లలూ ఉంటారు.

అపోహ: నెగటివ్ వచ్చింది, ఇంట్లోనే పెట్టి చూద్దాం.
గుడ్డు తిన్న కాసేపటికే పెదాలు వాచిన చరిత్ర ఉంటే ఆ పని చేయకండి. ఆసుపత్రిలో మా కళ్లముందు కొంచెం కొంచెం పెంచుతూ తినిపించి చూస్తాం, తేల్చేది అదే. తిన్న గంటా రెండు గంటల తర్వాత ఆగకుండా వాంతులయ్యే రకం ఒకటుంది, దానికి ఐజీఈతో సంబంధం లేదు కాబట్టి రక్తంలో దొరకదు.

అపోహ: కేకు పడింది కాబట్టి గుడ్డూ పడుతుంది.
తెల్లసొనలోని ఓవల్బ్యుమిన్ అనే ప్రోటీన్ వేడికి దెబ్బతింటుంది, ఓవోమ్యుకాయిడ్ అనే మరో ప్రోటీన్ మాత్రం తట్టుకుంటుంది. మొదటిదానికే ఎలర్జీ ఉన్న పిల్లాడు కేకు హాయిగా తిని, పచ్చిగుడ్డు మయనీజ్ నాలుకకు తగలగానే దద్దుర్లతో రావచ్చు. ఓవోమ్యుకాయిడ్‌కు విడిగా పరీక్ష ఉంది, అడగండి.

పరీక్షకి పరగడుపున రానక్కర్లేదు. సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మందు ఆపాల్సింది చర్మంపై చేసే పరీక్షకే, దీనికి కాదు. గుడ్డు ఎలర్జీ ఉందని ఎమ్మెమ్మార్ టీకా, ఫ్లూ టీకా ఆపకండి. యెల్లో ఫీవర్ టీకాకైతే ముందు మమ్మల్ని కలవండి.