కారు స్ప్రింగు ఎన్నేళ్లు మన్నుతుంది?

ఆ రోజు కారు కదలనే లేదు. హనుమకొండలో మా ఇంటి ముందు, మూడు రోజుల ముసురుకు తడుస్తూ నిలబడి ఉంది. రాత్రి పదకొండు దాటాక ఠంగుమని ఒక్క చప్పుడు. పక్కింట్లో ఏ బిందెనో పడ్డదనుకున్నాం. పొద్దున చూస్తే ముందు ఎడమ చక్రం వైపు బాడీ రెండు వేళ్ల మందం కిందికి దిగింది. మెకానిక్ వచ్చి జాకీ పెట్టి, లోపల చెయ్యి పోనిచ్చి ఒక ఇనుప ముక్క బయటికి తీశాడు. "స్ప్రింగ్ ఇరిగింది సార్, కింది చుట్టు. ఇరవై రెండేండ్ల బండి గదా, మోసీ మోసీ అలిసిపోయింది" అన్నాడు.

బాపు కొన్న కారు అది. ఆ ముక్కను పారేయబుద్ధి కాలేదు. కడిగి, విరిగిన చోటును ఎండలో తిప్పి చూశాను. తీగ అడ్డంగా తెగలేదు, ఏటవాలుగా, మెలిపెట్టి తెంపినట్టు తెగింది. అంచున ఆవగింజంత నల్లటి తుప్పు గుంట. దాని చుట్టూ గోటి మొదట్లో కనిపించే అర్ధచంద్రంలా నున్నటి మచ్చ, గోధుమ రంగుకు తిరిగి ఉంది. మిగతాదంతా బెల్లం గడ్డ పగిలినట్టు గరుకుగా మెరుస్తోంది. ఆ నున్నటి భాగం ఒక్క రాత్రిలో తెగింది కాదు. పగులు కొద్దికొద్దిగా లోపలికి పాకుతూ ఉంటే, అందులోకి నీళ్లు దిగి తుప్పు పట్టింది. గరుకు భాగం మాత్రం ఆ రాత్రి ఠంగుమన్నది.

మెకానిక్ చెప్పిన అలసట నిజమే. కానీ ఉక్కు మొత్తం అలసిపోలేదు. అలసిన చోటు ఆవగింజంతే.

స్ప్రింగు నొక్కుకుంటుంటే తీగ వంగుతుందని అనుకుంటాం. నిజానికి తీగ మెలితిరుగుతుంది, తడి బట్టను పిండినట్టు. మెలిపెట్టిన కడ్డీలో నట్టనడుమ ఒత్తిడి దాదాపు సున్నా. బయటికి వచ్చేకొద్దీ పెరిగి, పైపొర మీద అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. అంటే బండి బరువులో పెద్ద వాటా మోసేది తీగ పైపొరే. ఫ్యాక్టరీలో స్ప్రింగు మీద చిన్న చిన్న ఉక్కు గుండ్లు వేగంగా చిమ్మి ఆ పొరను బిగుతుగా చేసేదీ, దాని మీద మందంగా పెయింటు వేసేదీ అందుకే. రాయి తగిలి ఆ పెయింటు లేచిందంటే కథ అక్కడ మొదలైనట్టే. లెక్క చూడండి: 10 మి.మీ. తీగ తుప్పుకు అరిగి 9.5 మి.మీ. అయితే, అదే బరువుకు ఒత్తిడి సుమారు 17 శాతం పెరుగుతుంది. గుంట పడితే ఆ గుంట అడుగున ఇంకా ఎక్కువ.

షెడ్లలో "స్ప్రింగు మెత్తబడింది" అని తరచూ వింటాం. ఉక్కు వయసుతో మెత్తబడదు. స్ప్రింగు గట్టిదనం తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య, ఉక్కు స్వభావం మీద ఆధారపడుతుంది. ఏళ్లు గడిస్తే వీటిలో ఏదీ తనంతట తాను మారదు. జరిగేదేమిటంటే స్ప్రింగు కాస్త కూర్చుంటుంది, అంటే దాని అసలు ఎత్తు తగ్గుతుంది. బండి గుంతల్లో దబదబమంటుంటే ముందు చూడాల్సింది షాక్ అబ్జార్బర్లను. ఎండకు స్ప్రింగు పాడవుతుందన్న భయం కూడా అక్కర్లేదు. రామగుండంలో 46 డిగ్రీలు కాయనీయండి. ఈ ఉక్కు పదును పెట్టేటప్పుడే, అంటే కాచి గట్టిపరిచేటప్పుడే, 400 డిగ్రీల పైన కాగి వచ్చింది.

కిలోమీటర్ల సంగతికొద్దాం. కారు బాడీ సెకనుకు ఒకసారికి కాస్త ఎక్కువగా ఊగుతుంది. గంటకు 40 కి.మీ. వేగంతో పోతే కిలోమీటరుకు సుమారు నూరు ఊపులు, లక్ష కిలోమీటర్లకు కోటి. జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు 19వ శతాబ్దం మధ్యలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో ఏళ్ల తరబడి పరీక్షించాడు. ఒక హద్దుకు లోపల ఉన్న ఒత్తిడిని ఎన్నిసార్లు పెట్టినా ఉక్కు దాదాపుగా విరగదని తేల్చాడు. కారు ఊపుల్లో ఎక్కువ భాగం ఆ హద్దుకు లోపలివే. అందుకే ఇన్ని కిలోమీటర్లకు స్ప్రింగు మార్చాలన్న లెక్క మామూలుగా సర్వీసు పుస్తకంలో కనిపించదు. కానీ తడి, తుప్పు చేరితే ఆ హద్దే చెరిగిపోతుంది. అప్పుడు చిన్న ఊపు కూడా లెక్కలోకి వస్తుంది.

మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు స్ప్రింగులను తినేస్తుంది. మనకు ఉప్పు లేదు, మట్టి ఉంది. నాట్ల కాలంలో నర్సంపేట, ములుగు రోడ్ల మీద ట్రాక్టర్లు పొలం బురదను ఈడ్చుకొస్తాయి. అది స్ప్రింగు కూర్చునే గిన్నెలో చేరి వారాల తరబడి తడిగా ఉంటుంది. కింది చుట్టు ముందుగా విరగడానికి కారణం అదే. సర్వీసింగులో బాడీకి నురగ పట్టించి తళతళలాడిస్తారు గానీ, ఆ గిన్నెలోకి నీళ్లు కొట్టమని మనమే అడగాలి.

లారీల కమాన్ కట్టలదీ, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులదీ, ఇదే ఉక్కు జాతి. భూపాలపల్లి వైపు బొగ్గు మోసి మోసి తీసేసిన పట్టీలు మన కమ్మరి కొలిమికి చేరి గొడ్డళ్లు, కత్తులు అవుతాయి. కాల్చి సాగగొట్టి పదును పెడితే మళ్లీ ఏళ్ల తరబడి చెట్టు కొడతాయి. ఆ పట్టీ లారీ కింద పనికిరాకుండా పోయింది గానీ, ఉక్కులో సారం పోలేదు.

కూర్చున్న స్ప్రింగును లేపడానికి చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించడం మన దగ్గర బాగా అలవాటు. నాకిది నచ్చదు. ఆ చుట్లు పనిచేయడం తగ్గి మిగతావి ఎక్కువ మెలితిరుగుతాయి, పైగా రబ్బరు కింద మట్టీ తడీ నిలుస్తాయి. విరిగినదాన్ని వెల్డింగ్ చేయించడం ఇంకా ప్రమాదం, ఆ వేడికి అక్కడి ఉక్కు పదును పోతుంది. పాత బండి ఉన్నవాళ్లు చదునైన చోట ఆపి, చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి, కుడి ఎడమలు పోల్చి చూడండి. తేడా ఉంటే టార్చి వేసి కింది చుట్టు వెతకండి.

మేము రెండు వైపులా మార్పించాం. "కుడిది మంచిగనే ఉంది గదా సార్" అన్నాడు మెకానిక్. అది విప్పాక వైర్ బ్రష్‌తో మట్టి రాల్చి చూశాం. అదే కింది చుట్టు మీద, దాదాపు అదే చోట, రెండు నల్లటి గుంటలు.