కరెంటు మీటరుకు ఆదేశాలు: రిజిస్టర్లు చదవడం, రాయడం

డిజిటల్ పవర్ మీటరు ఎన్ని కొలిచినా కంప్యూటరుకు కనిపించేవి నంబర్లు వేసిన కొన్ని అరలే. వాటినే రిజిస్టర్లంటారు. ఒక్కో దాంట్లో 16 బిట్ల సంఖ్య, అంటే 0 నుంచి 65535 వరకూ, పడుతుంది. మీటరును అడగడమంటే ఫలానా రిజిస్టరు చదివి చెప్పమనడం. ఆదేశించడమంటే ఫలానా రిజిస్టరులో ఫలానా సంఖ్య రాయమనడం. ఈ పద్ధతిని 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపే కంట్రోలర్ల) కోసం మోడ్‌బస్ పేరుతో తెచ్చింది. ఫ్యాక్టరీ ప్యానెళ్లలోని మీటర్లు ఇప్పటికీ ఎక్కువగా దీన్నే వాడుతున్నాయి.

ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్లకు బాగా తెలిసిన చిన్న మీటరు పీస్‌ఫెయిర్ వారి పీజెడ్‌ఈఎం-004టి, మూడో వెర్షన్. సింగిల్ ఫేజ్, సీటీ కాయిల్‌తో (వైరు చుట్టూ ఉండి కరెంటును కొలిచే రింగు) 100 ఆంపియర్ల వరకూ కొలుస్తుంది. సీరియల్ వేగం సెకనుకు 9600 బిట్లు, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్.

వైరింగ్‌లోనే సగం ఇబ్బందులు వస్తాయి. 5 వోల్టుల పిన్నుకు కరెంటు ఇచ్చినంత మాత్రాన మీటరు పలకదు. ఆ 5 వోల్టులు ఆప్టోకప్లర్ల (కాంతితో సిగ్నల్ దాటించి రెండు వైపుల్నీ విడిగా ఉంచే చిప్‌ల) అవతలి సీరియల్ వైపుకే సరిపోతాయి. కొలిచే చిప్ 230 వోల్టుల లైను నుంచే నడుస్తుంది కాబట్టి లైను లేకపోతే జవాబూ ఉండదు. సీటీ లోంచి ఫేజ్ వైరు ఒక్కటే వెళ్లాలి. న్యూట్రల్‌ను కూడా కలిపి దూరిస్తే రెండు ప్రవాహాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది. ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల బోర్డుకు మధ్యలో లెవెల్ కన్వర్టర్ (సిగ్నల్ వోల్టేజీని మార్చే చిన్న బోర్డు) పెట్టాలి. మీటరు బోర్డు మీద లైను వైపు భాగమంతా ప్రాణాంతకమే. ఎంసీబీ ఆపకుండా దాని మీద చెయ్యి వేయొద్దు.

ఇక మాటలు మొదలుపెడదాం. మాన్యువళ్లలో బైట్లు హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు 16 ఆధారంగా రాసే లెక్కలో) ఉంటాయి, ఇక్కడ అన్నీ మామూలు దశాంశ సంఖ్యలుగానే ఇస్తున్నాను. చదవడానికి పంపాల్సిన వరస ఇది:

1, 4, 0, 0, 0, 10, 112, 13

మొదటి 1 మీటరు అడ్రసు. 4 అంటే 'కొలతల రిజిస్టర్లు చదువు'. తర్వాతి రెండు బైట్లూ మొదలుపెట్టాల్సిన చోటు, అంటే సున్నా. ఆ తర్వాత 0, 10 అంటే పది రిజిస్టర్లు. చివరి రెండూ సీఆర్‌సీ, అంటే తప్పుల్ని పట్టే లెక్క. జవాబు 25 బైట్లు. ఈ వేగంలో సుమారు 26 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది.

2 కిలోవాట్ల గీజరు నడుస్తోందనుకుందాం. జవాబులో మొదట 1, 4, 20 వస్తాయి. 20 అంటే వెనకాల వచ్చే డేటా బైట్ల లెక్క. తర్వాత 9, 43 వచ్చాయంటే 9×256+43=2347, పదో వంతు చేస్తే 234.7 వోల్టులు. 33, 74, 0, 0 అంటే 8522 మిల్లీఆంపియర్లు, అంటే 8.522 ఆంపియర్లు. 78, 33, 0, 0 అంటే 20001, పదో వంతు చేస్తే 2000.1 వాట్లు. తర్వాత నాలుగు బైట్లలో వాట్-అవర్లు, ఆపైన ఫ్రీక్వెన్సీ (1, 244 అంటే 50.0 హెర్ట్జ్), పవర్ ఫ్యాక్టర్ (0, 100 అంటే 1.00), చివరగా అలారం స్థితి.

ఎక్కువమంది తప్పు చేసేది ఆ నాలుగు బైట్ల దగ్గరే. ఆంపియర్లు, వాట్లు, యూనిట్లు ఒక్క రిజిస్టరులో పట్టవు కాబట్టి రెండేసి వాడారు. అందులోనూ చిన్న భాగం ముందు, పెద్ద భాగం వెనక. యూనిట్ల చోట 17, 112, 0, 1 వచ్చిందనుకోండి. ముందు భాగం 4464, వెనక భాగం 1×65536, మొత్తం 70000 వాట్-అవర్లు, అంటే 70 యూనిట్లు. ముందు రిజిస్టరు ఒక్కటే చదివే ప్రోగ్రాం 4.464 యూనిట్లని చూపిస్తుంది. ఈ తప్పు మొదటి రోజుల్లో బయటపడదు. 65.535 యూనిట్లు దాటేదాకా లెక్క సరిగ్గానే ఉండి, హఠాత్తుగా సున్నాకు పడిపోతుంది. రెండు భాగాల్నీ తారుమారు చేసి చదివితే ఒక్క యూనిట్ కాస్తా 65,536 యూనిట్లవుతుంది. అది కనీసం వెంటనే కనపడుతుంది.

అన్ని మీటర్లదీ ఇదే పద్ధతి అనుకోవద్దు. ఈస్ట్రాన్ ఎస్‌డీఎం120 దశాంశ బిందువున్న సంఖ్యను 32 బిట్ల ఫ్లోట్‌గా, పెద్ద భాగం ముందుగా పంపుతుంది. దాంట్లో 230 వోల్టులంటే 67, 102, 0, 0. ఎవరి రిజిస్టర్ల పట్టిక వాళ్లది.

సీఆర్‌సీ లెక్క చిన్నదే. 65535తో మొదలుపెట్టి, ఒక్కో బైటునూ దానితో ఎక్స్-ఆర్ చేసి (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0), ఎనిమిదిసార్లు కుడికి జరపాలి. జరిపినప్పుడల్లా బయటికొచ్చిన బిట్ 1 అయితే 40961తో ఎక్స్-ఆర్ చేయాలి. ఫలితంలో చిన్న బైటు ముందు పంపాలి. వచ్చిన జవాబు మొత్తానికి, సీఆర్‌సీతో సహా, ఇదే లెక్క వేస్తే సున్నా రావాలి. మీరు పంపిన సీఆర్‌సీ తప్పయితే మీటరు ఏమీ అనదు, ఊరుకుంటుంది. సీఆర్‌సీ సరిగ్గా ఉండి, లేని రిజిస్టరు అడిగితే మాత్రం 4కు బదులు 132తో జవాబిస్తుంది. కాబట్టి నిశ్శబ్దమైతే వైరింగు, వేగం, అడ్రసు, సీఆర్‌సీ చూడండి. 132 వస్తే రిజిస్టరు నంబరు చూడండి.

రాయగలిగినవి కొన్నే. దానికి 4 బదులు 6, అంటే 'ఒక రిజిస్టరులో రాయి'. 1, 6, 0, 1, 8, 252, 223, 139 పంపితే అలారం హద్దు 2300 వాట్లవుతుంది. 1, 6, 0, 2, 0, 5, 232, 9 పంపితే అడ్రసు 1 నుంచి 5కి మారుతుంది. పంపిన వరసే తిరిగొస్తే ఆదేశం అందినట్టు. 248 అనే సార్వత్రిక అడ్రసుకు ఏ మీటరైనా పలుకుతుంది. అందుకే లైను మీద ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని వాడాలి, లేకపోతే అన్నీ ఒకేసారి మాట్లాడి జవాబులు కలగాపులగమవుతాయి. కొత్త మీటర్లకు ఒక్కొక్కటిగా కలిపి అడ్రసులివ్వాలి. అడ్రసు కరెంటు పోయినా ఉంటుందంటే శాశ్వత మెమరీలో పడుతోందన్నమాట. అలాంటి మెమరీకి రాతల హద్దుంటుంది, కాబట్టి ఈ ఆదేశాల్ని లూపులో పెట్టొద్దు.

యూనిట్లు సున్నా చేసే ఆదేశం 1, 66, 128, 17. మాన్యువల్‌లో అది హెక్స్ 42. దాన్ని దశాంశ 42గా రాసినవాళ్లకు మీటరు ఎప్పటికీ సున్నా కాదు. నా మటుకు ఈ ఆదేశమే వాడొద్దంటాను. అది మళ్లీ అడగదు, పోయిన లెక్క తిరిగి రాదు. నెల మొదట్లో ఉన్న రీడింగు రాసిపెట్టుకుని తీసేస్తే చాలు.

అలారం హద్దు దాటితే మీటరు కరెంటు ఆపేస్తుందని చాలామంది నమ్ముతారు. ఆపదు. అలారం రిజిస్టరులో 65535 చేరుతుంది, అంతే. దాన్ని చదివి కాంటాక్టరును (లోడుకు కరెంటు కలిపి, తీసే పెద్ద స్విచ్‌ను) తెరిచే పని కంట్రోలరుది. బోరు మోటారు నీళ్లు లేకుండా తిరిగితే వాట్లు తగ్గుతాయి కానీ పెరగవు. అందుకు ఈ అలారం అసలు పనికిరాదు. నీళ్లొస్తున్నప్పుడు ఎన్ని వాట్లు తీసుకుంటోందో ముందే కొలిచి, అంతకన్నా బాగా తగ్గితే ఆపమని కంట్రోలరులోనే రాయాలి. స్టార్టయిన మొదటి కొన్ని సెకన్ల రీడింగుల్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇదంతా సొంత మీటరు సంగతి. డిస్కం పెట్టిన స్మార్ట్ మీటరు ఐఎస్ 16444, ఐఎస్ 15959 ప్రమాణాల ప్రకారం డీఎల్‌ఎంఎస్ భాషలో మాట్లాడుతుంది. అక్కడ రిజిస్టరు నంబర్ల బదులు ఓబిస్ కోడ్‌లుంటాయి: 1.0.1.8.0.255 మొత్తం యూనిట్లు, 0.0.96.3.10.255 సరఫరా కలిపే, తీసే స్విచ్. ఆ స్విచ్‌ను కదిలించే ఆదేశానికి డిస్కం దగ్గరుండే రహస్య కీలు కావాలి. ఆ మీటరులో వేలు పెట్టడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద నేరం.