పాయింటు మోటార్లకు ఏ స్విచ్? అపోహలు – వాస్తవాలు

పాయింటు అంటే పట్టాలు చీలే చోట రైలు దారి మార్చే భాగం; దాన్ని కదిలించేది పాయింటు మోటారు. మోడల్ రైల్వే (బొమ్మ రైళ్లు నడిపే హాబీ) కొత్తగా మొదలుపెట్టినవారు "పాయింట్లకు ఏ స్విచ్ పెట్టమంటారు?" అని అడిగితే, నేను ముందు మోటారు ఏ రకమని అడుగుతాను. స్విచ్‌ను నిర్ణయించేది అదే.

అపోహ: ఇంట్లో లైటుకు వాడే ఆన్-ఆఫ్ స్విచ్ లాంటిది ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: పెకో కంపెనీ పీఎల్-10 వంటి కాయిల్ మోటారుకు అలాంటి స్విచ్ పెడితే కాయిల్ కాలిపోతుంది. ఇందులో రెండు తీగచుట్టలు, వాటి మధ్య అటూ ఇటూ జరిగే ఇనుప కడ్డీ ఉంటాయి. కడ్డీని లాగడానికి రెప్పపాటు కరెంటు చాలు. కానీ ఆ రెప్పపాటులో 16 వోల్టుల దగ్గర 3, 4 ఆంపియర్లు పారుతాయి. అది ఆగకుండా పారితే, బొటనవేలంత చుట్టలో సోల్డరింగ్ ఐరన్ అంత వేడి పుడుతుంది. నేను పట్టాలు పరిచిన లేఅవుట్‌లో ఒకసారి నొక్కుడు స్విచ్ లోపలే ఇరుక్కుపోయింది. తీగ పూత మాడిన వాసన వచ్చాకే నాకు తెలిసింది. విప్పి చూస్తే చుట్ట నల్లబడి, ప్లాస్టిక్ మెత్తబడి కడ్డీని పట్టేసి ఉంది.

అందుకే నొక్కి వదిలితే వెనక్కి వచ్చే స్విచ్ వాడాలి. దానికి ముందు కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్, అంటే సీడీయూ, తప్పకుండా పెట్టండి. దాచుకున్న కరెంటునంతా ఒక్కసారిగా వదలడం దాని పని. ఆ తరువాత స్విచ్ ఇరుక్కున్నా చుట్టలోకి పోయేది స్వల్పమే.

అపోహ: ప్రతి మోటారుకూ ఒక సీడీయూ కావాలి.

వాస్తవం: లేఅవుట్ అంతటికీ ఒకటి చాలు. ట్రాన్స్‌ఫార్మర్‌కూ స్విచ్‌లకూ మధ్య పెట్టాలి. పాయింట్లన్నీ ఒకేసారి మొరాయిస్తే ఏదో ఒక స్విచ్ మూసుకుని ఉండిపోయిందేమో చూడండి. అలా ఉంటే సీడీయూ మళ్లీ నిండదు.

అపోహ: నెమ్మదిగా తిరిగే మోటారుకు కరెంటు ఆపకుండా ఇస్తే పాడవుతుంది.

వాస్తవం: టార్టాయిస్ వంటివి అలా ఉండిపోవడానికే చేశారు. 12 వోల్టుల డీసీ మీద, చివరికి వెళ్లి ఆగినప్పుడు కూడా సుమారు 15 మిల్లీఆంపియర్లే తీసుకుంటాయి. వీటికి సీడీయూ వద్దు. ధ్రువాలను తారుమారు చేసే రెండు వరుసల టోగుల్ స్విచ్ పెడితే చాలు. దాని పిడి ఎటు వాలి ఉందో చూస్తే పాయింటు ఎటు ఉందో తెలుస్తుంది. అందుకే నాకు ఈ పద్ధతి ఇష్టం.

సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి ఆగేది) చవక. హైదరాబాద్ కోఠిలోనూ దొరుకుతుంది. అయితే స్విచ్‌కు నేరుగా కలిపితే అది కదలదు. 20 మిల్లీసెకన్లకొకసారి 1 నుంచి 2 మిల్లీసెకన్ల పల్సు పంపే ఆర్డుయినో వంటి చిన్న కంట్రోలు బోర్డు ఉండాలి. పెకో పాయింటు అయితే లోపలి స్ప్రింగు కూడా తీసేయాలి.

అపోహ: రైళ్లు డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) మీద నడుస్తుంటే పాయింట్లు కూడా డీసీసీలోనే ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. రైళ్లు డిజిటల్‌లో, పాయింట్లు మామూలు స్విచ్‌ల మీద హాయిగా నడుస్తాయి. డీసీసీ ఆదేశాలు అందుకుని పాయింటును తిప్పే డీకోడరే కావాలనుకుంటే దానికి పట్టాల నుంచి కరెంటు ఇవ్వకండి. లైవ్ ఫ్రాగ్ (పట్టాలు కలిసే చోటి లోహపు మొనకు కూడా కరెంటు ఉండడం) ఉన్న పాయింటు మీదికి ఇంజిను తప్పు దారిలో వస్తే షార్ట్ అవుతుంది, పట్టాలకు సరఫరా ఆగిపోతుంది. దాంతోపాటే పాయింటు కూడా కదలదు, ఇంజినును చేత్తో వెనక్కి జరపాల్సి వస్తుంది. డీకోడర్‌కు కరెంటూ ఆదేశాలూ పట్టాలతో సంబంధం లేని విడి లైను నుంచి వస్తే, కూర్చున్నచోటి నుంచే పాయింటు తిప్పవచ్చు. షార్ట్ పోయి రైలు ముందుకు సాగుతుంది.