కోనసీమ వెలుగులో పోర్ట్రెయిట్

కోనసీమకు ఫొటో షూట్‌కని వచ్చేవాళ్లు మొదట వెతికేది బ్యాక్‌గ్రౌండ్. కొబ్బరిచెట్లు, కాలువ, వరిచేను ఫ్రేములో పడితే చాలనుకుంటారు. తీరా చూసుకుంటే తోట బాగానే ఉంటుంది గానీ, ముఖం నిండా ఎండ మచ్చలు, గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ. వెనక ఏముందో తర్వాత చూడొచ్చు. ఆ చోటు ముఖానికి ఎలాంటి వెలుగునిస్తోందో ముందు చూడాలి.

మధ్యాహ్నం కొబ్బరితోటలో నేలను గమనించండి. మట్టల మధ్య సందులు ఏ ఆకారంలో ఉన్నా కింద పడే వెలుగు మచ్చలు గుండ్రంగానో కోలగానో ఉంటాయి. ప్రతి చిన్న సందూ పిన్‌హోల్ కెమెరాలా పనిచేసి సూర్యుడి బొమ్మనే కింద వేస్తుంది మరి. సందు నుంచి ఉన్న దూరాన్ని సుమారు 108తో భాగిస్తే మచ్చ వెడల్పు వస్తుంది. 12 మీటర్ల దూరం నుంచి పడితే 11 సెంటీమీటర్లు, అంటే కన్నూ చెంపా కలిపి కప్పేసేంత. ఎండకీ నీడకీ మధ్య మూడు స్టాపులు (అంటే ఎనిమిది రెట్లు), ఒక్కోసారి ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది. నీడకు ఎక్స్‌పోజర్ పెడితే మచ్చ తెల్లగా పాలిపోతుంది, మచ్చకు పెడితే ముఖం నల్లబడుతుంది.

అందుకే మనిషిని తోట నడిమధ్యలో నిలబెట్టకండి. ఉదయమైతే పడమటి అంచు, సాయంత్రమైతే తూర్పు అంచు ఎంచుకోండి. అంచు నుంచి ఒకటి రెండు అడుగులు లోపల నీడలో నిలబెట్టి, ముఖాన్ని బయటి ఆకాశం వైపు తిప్పండి. వెనక తోట చీకటిగా ఉండి ముఖం తేలుతుంది. తప్పనిసరిగా లోపలే తీయాలంటే పలచటి తెల్ల పంచెను ఇద్దరు తలపైన పరిచి పట్టుకుంటే మచ్చలు కరిగిపోతాయి. తలలోంచి చెట్టు మొలిచినట్టు కనిపిస్తే మనిషిని కదపక్కర్లేదు. కెమెరా ఒక అడుగు పక్కకు జరిగితే చాలు.

వరిచేలో ఇబ్బంది వేరు. ఆకుల్లోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతిని ఎక్కువగా పీల్చుకుని ఆకుపచ్చను తిప్పి పంపుతుంది. ఎండ పడ్డ చేను ముఖాన్ని కింది నుంచి ఆకుపచ్చగా వెలిగిస్తుంది. మన మెదడు దాన్ని సర్దేసుకుంటుంది కాబట్టి కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే పడేలా కెమెరా తనంతట తానే రంగులు సర్దడం) ఫ్రేము మొత్తాన్ని చూసి, ఆకుపచ్చకు విరుగుడుగా మజెంటా కలిపితే నుదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, గడ్డం కింద పచ్చదనం మాత్రం పూర్తిగా పోదు. రెండు రంగుల వెలుగును ఒక్క సర్దుబాటుతో దిద్దలేం. ఫ్రేముకు బయట, మనిషి కాళ్ల ముందు తెల్ల దుప్పటి పరవండి. రంగు కొలతకు వాడే బూడిద రంగు అట్టను, అంటే గ్రే కార్డును, ముఖం పక్కనే పట్టి వైట్ బ్యాలెన్స్ తీసుకోండి. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతల ముందు, చేను పండి బంగారు రంగుకు తిరిగినప్పుడైతే అదే వెలుగు చర్మానికి వెచ్చదనమిస్తుంది. నా దృష్టిలో ఇక్కడ పోర్ట్రెయిట్‌కు అంతకు మించిన అదను లేదు.

గోదావరి డెల్టా దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు నిటారుగా లేస్తాడు. మార్చి, సెప్టెంబరు నెలల్లో గంటకు 14 డిగ్రీల దాకా పైకి వస్తాడు కాబట్టి 10 డిగ్రీల లోపు ఉండే మెత్తటి ఎండ నలభై నిమిషాలకు పెద్దగా మించదు. మే, ఆగస్టు మొదటి వారాల్లో మధ్యాహ్నం నడినెత్తికి వచ్చి కనుగుంటల్ని నీడతో నింపేస్తాడు.

ఆ నలభై నిమిషాల్లోనే నీళ్ల సాయమూ అందుతుంది. నడినెత్తి ఎండలో నీరు తిప్పి పంపే వెలుగు రెండు శాతమే. సూర్యుడు 10 డిగ్రీలకు దిగితే అది మూడో వంతు దాటుతుంది. కాకపోతే నీటికి 3 మీటర్ల ఎత్తున ఉన్న ముఖానికి ఆ మెరుపు 17 మీటర్ల అవతలి నీటి నుంచి వస్తుంది. పంట బోదె చాలదు, పెద్ద కాలువో గౌతమి, వైనతేయ లాంటి పాయో కావాలి. సాయంత్రం తూర్పు గట్టున నిలబెట్టి, కళ్లు చికిలించకుండా ముఖాన్ని ఎండకు కాస్త ఓరగా తిప్పండి. గడ్డం కింది నీడను నీరే తేలిక చేస్తుంది. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి మళ్లీ నీళ్లు వదిలేదాకా నదీ పాయల్నే నమ్ముకోవాలి.

ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మూత తీయకండి. 33 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలి 28 డిగ్రీల దగ్గరే మంచుబిందువుకు చేరుతుంది, చల్లటి గాజు మీద వెంటనే ఆవిరి పడుతుంది. జిప్పు తీయకుండా బ్యాగును అరగంట బయట ఉంచితే సరిపోతుంది.

ఎండ ముదిరాక మండువా లోగిలికి వెళ్లండి. నడిమి ఖాళీలోంచి దిగే ఆకాశపు వెలుగు చాలా మెత్తన. ఎండ నేరుగా పడని పక్కన, చూరుకు మీటరు లోపల కూర్చోబెట్టి ముఖం మండువా వైపు తిప్పితే కళ్లల్లో మెరుపు చుక్క పడుతుంది. ఇంకా లోపలికి జరిపితే వెలుగు చప్పున తగ్గిపోతుంది, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాల్సి వస్తుంది. నేల ఎర్రగచ్చు అయితే ఎండ దాని మీద పడే వేళ గడ్డం కింద ఎర్రటి ఛాయ వస్తుంది. పెద్దవాళ్ల ముఖాలకు అది నప్పుతుంది, ఉంచేయండి. తెల్ల చీర, తెల్ల పంచె కట్టుకున్నవాళ్లకైతే గచ్చు మీద లేత రంగు చాప పరచండి.