తెల్లవారుజామున చేపలు ఎందుకు తేలతాయి?

కొల్లేరు చుట్టుపక్కల చేపల రైతులకు తెల్లవారుజాము గుబులు వేళ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయంటే నీళ్లలో ఆక్సిజన్ అడుగంటిందన్నమాట. రోజంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి వాళ్లకు నిద్ర ఉండదు.

ఊరి చెరువులో చేపలు చచ్చి తేలితే ఎవరో విషం కలిపారని అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలా చెరువులకు అసలు జబ్బు నీళ్లలో నాచుకు తిండి ఎక్కువవడం.

నాచు పెరగడానికి ఎండ, బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరం కావాలి. నత్రజనిని కొన్ని రకాల సూక్ష్మజీవులు గాలిలోంచే పట్టుకోగలవు. భాస్వరానికి ఆ దారి లేదు, అది రాళ్లు అరిగి మెల్లగా రావాల్సిందే. నీళ్లు తేటగా ఉండేది ఆ కొరత వల్లే. మురుగుతో, సబ్బుపొడితో, పొలంలోంచి కొట్టుకొచ్చే డీఏపీ ఎరువుతో ఆ కొరతను మనమే తీర్చేశాం.

1973లో కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది. 226 అనే నంబరే పేరుగా ఉన్న చిన్న సరస్సును నడుము దగ్గర ప్లాస్టిక్ తెరతో రెండు చేశారు. రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు. భాస్వరం మాత్రం ఒక్క వైపే. ఆ వైపు పచ్చగా మారిపోయింది, రెండోది మామూలుగానే ఉండిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. చచ్చి అడుగున కుళ్లేటప్పుడు మిగిలినదాన్ని బ్యాక్టీరియా వాడేస్తుంది. చేపలకు తెల్లవారుజామునే ఊపిరాడకపోవడం అందుకే.

ఇంకో చిక్కు బురదలో ఉంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు అక్కడి ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ పోగానే ఆ పట్టు సడలి, దాచుకున్నదంతా మళ్లీ నీళ్లలోకి వస్తుంది. మురుగు నాలాలను మళ్లించినా చెరువు వెంటనే కోలుకోదు. గుర్రపుడెక్కను తీసి గట్టునే కుప్ప పోస్తే, అది కుళ్లి, అందులోని భాస్వరం తొలి వానకు తిరిగి చెరువులోకే చేరుతుంది.

మన పెద్దలు వేసవిలో పూడిక తీసి బండ్లతో పొలాలకు తోలేవారు. చెరువుకు బరువైనది పైరుకు బలమయ్యేది. 2015లో తెలంగాణలో చెరువుల బాగుకు మొదలైన మిషన్ కాకతీయలోనూ రైతులు ట్రాక్టర్లతో ఒండ్రు తీసుకెళ్లారు. ఎంత తెలివైన పద్ధతి అది! హుస్సేన్ సాగర్ బురదను మాత్రం అలా తోలుకోలేం. పరిశ్రమల నుంచి వచ్చిన భారలోహాలు అందులో కలిసి ఉన్నాయి.