నాలుగు వాట్ల వాల్వు యాంప్లిఫయర్: అపోహలు - వాస్తవాలు

కడపలో నా పనిబల్ల మీద నాపరాయి బండ పరిచి ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ జారిపడినా కాలదు, అదొక్కటే దాని గొప్ప. ఆ బండ మీద పాత రేడియోలు బాగుచేస్తాను, ఎవరైనా అడిగితే చిన్న వాల్వు యాంప్లిఫయర్ కట్టిస్తాను. వాల్వంటే ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో వాడిన గాజు గొట్టం. ముందు భాగంలో సిగ్నల్ పెంచే చిన్న వాల్వు ఈసీసీ83 ఒకటి, స్పీకర్‌ను నడిపే వాల్వు ఈఎల్84 ఒకటి, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు (కరెంటు సప్లైకి పవర్ ట్రాన్స్‌ఫార్మర్, వాల్వుకూ స్పీకర్‌కూ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్), పిడికెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. నాలుగైదు వాట్లు వస్తుంది. వచ్చినవాళ్లంతా వాల్వు ఏ కంపెనీదని అడుగుతారు. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అపోహ: వాల్వుకు 6.3 వోల్టులే కదా, షాక్ ఏం కొడుతుంది?

ఆ 6.3 వాల్వును లోపల వేడిచేసే తీగకు, అంటే హీటర్‌కు మాత్రమే. కరెంటును అందుకునే లోహపు రేకుకు, అంటే ప్లేట్‌కు 250 వోల్టుల పైచిలుకు డీసీ కావాలి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అవతలి చుట్టు (సెకండరీ) ఇచ్చే 220 వోల్టులను డయోడ్లతో డీసీ చేస్తే, లోడ్ లేనప్పుడు కెపాసిటర్ మీద 310 దాకా చూపిస్తుంది. ప్లగ్గు పీకేసినా అది అక్కడే కూర్చుని ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను ప్లగ్గు తీసి, బయటికిపోయి టీ తాగొచ్చి, ధైర్యంగా ఛాసిస్‌లో (భాగాలన్నీ బిగించే లోహపు పెట్టెలో) చెయ్యి పెట్టాను. మోచేయి వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకుంది. చేతిలోని స్క్రూడ్రైవర్ ఎక్కడ పడిందో సాయంత్రానికి గానీ దొరకలేదు. అప్పటినుంచి ఫిల్టర్ కెపాసిటర్లకు అడ్డంగా 220 కిలో ఓముల 2 వాట్ల రెసిస్టర్ పెట్టకుండా ఏ సెట్టూ ముగించలేదు. 100 మైక్రోఫారడ్లుంటే రెండు నిమిషాల్లో చార్జి దాదాపు దిగిపోతుంది. అయినా మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెడతాను, అదీ ఒక్క చెయ్యే. రెండోది జేబులో. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూసి మురిసిపోయేవాళ్లున్నారు. అలా చేస్తే కెపాసిటరూ పాడవుతుంది, కళ్లకూ ప్రమాదమే.

అపోహ: గోడలోనే 230 ఉంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దండగ.

ట్రాన్స్‌ఫార్మర్ లేని పాత ఏసీ-డీసీ రేడియోలు చూసి ఇలా అంటారు. వాటిలో మెయిన్స్ తీగ ఒకటి నేరుగా ఛాసిస్‌కే తగిలి ఉండేది. రెండు పిన్నుల ప్లగ్గు తిప్పి పెడితే ఛాసిస్ మొత్తం లైవ్. ఇక దానికి ఫోన్ తగిలించి పాట వింటారా? ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే, మూడు పిన్నుల ప్లగ్గు, ఫ్యూజు ఉండాల్సిందే, ఎర్త్ తీగ ఛాసిస్‌కు బిగించాల్సిందే. దీని మీద నాతో బేరం లేదు.

అపోహ: ట్రాన్స్‌ఫార్మరంటే ట్రాన్స్‌ఫార్మరే.

ఈ మాట నాతో అన్నది మోటార్ వైండింగ్ చేసే అన్న. బోరు మోటార్లు చుట్టడంలో ఆయన చెయ్యి అద్భుతం. నా మొదటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఆయనే చుట్టాడు, చుట్ల లెక్క నేనిచ్చాను. వాల్వుకు 5000 ఓముల లోడ్ కనిపించాలి, స్పీకర్ 8 ఓములు, కాబట్టి చుట్ల నిష్పత్తి సుమారు 25కు 1. లెక్క సరిగ్గానే ఉంది. పాట పెడితే గొంతు వస్తోంది గానీ మృదంగం ఎడమవైపు మోత జాడే లేదు. వారం రోజులు వాల్వులు మార్చాను, కెపాసిటర్లు మార్చాను. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ విప్పితే తెలిసింది. అలవాటు కొద్దీ ఆయన ఇంగ్లీషు E, I అక్షరాల ఆకారంలో ఉండే ఇనుప రేకులను ఒకటి ఇటు, ఒకటి అటు అల్లి పేర్చాడు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే సరైన పద్ధతి. కానీ ఒక్క వాల్వు సెట్‌లో ప్రైమరీ (వాల్వు వైపు చుట్టు) గుండా ఎప్పుడూ 45 మిల్లీయాంపుల డీసీ పోతుంటుంది, దాంతో ఇనుము అయస్కాంతంతో నిండిపోతుంది. E రేకులన్నీ ఒకవైపు, I రేకులన్నీ మరోవైపు పెట్టి, మధ్యలో కాగితం ఉంచి గ్యాప్ ఇవ్వాలి. నోటుబుక్కు కాగితం చింపి అలాగే బిగించాం. మోత వచ్చింది. "ఇంతేనా అన్నా, కాగితం ముక్కకా వారం తిరిగింది?" అన్నాడాయన నాతో.

అపోహ: నాలుగు వాట్లు చెవికి ఆనవు. దీనికి తోడబుట్టినది: వాల్వు వాటు ట్రాన్సిస్టర్ వాటు కంటే పెద్దది.

వాటు ఎక్కడైనా వాటే. ఒక వాటుకు మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరుంటే, నాలుగు వాట్లకు 96 వస్తుంది, గదికి చాలు. డబ్బులు వాట్ల మీద కాదు, స్పీకర్ మీద పెట్టండి. వాల్వు పెద్దదిగా అనిపించడానికి కారణం, అది మితిమీరినప్పుడు ట్రాన్సిస్టర్‌లా ఒక్కసారిగా కరకరలాడకుండా మెల్లగా చెడుతుంది, మనకు తొందరగా తెలియదు.

అపోహ: వాల్వన్నాక గుయ్యిమనే హమ్మింగ్ ఉంటుంది.

ఉండదు. హీటర్ తీగలు రెండూ జడలా మెలేసి ఛాసిస్ మూలన పోనివ్వండి. ట్రాన్స్‌ఫార్మర్లను ఒకదానికొకటి అడ్డంగా నిలబెట్టండి. గ్రౌండులన్నీ ఒక్కచోటికే తెండి. అప్పటికీ మోగితే సెట్టు ఆపి, ఈసీసీ83 పీకి మళ్లీ ఆన్ చేసి వినండి. హమ్ పోయిందా, తప్పు ముందు భాగంలో. పోలేదా, సప్లైలోనో ఈఎల్84 దగ్గరో.

వాల్వులో నీలం వెలుగు కనిపిస్తే చెడిపోయినట్టా? గాజు లోపలి గోడ మీద పలచటి నీలమైతే దిగులు లేదు. పైన వెండిలా మెరిసే మచ్చ తెల్లబారితే మాత్రం గాలి దూరింది, పారేయండి. ప్లేటే ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపండి. పాత సెట్టులోంచి పీకిన కప్లింగ్ కెపాసిటర్ (ఒక వాల్వు నుంచి ఇంకోదానికి డీసీని ఆపి పాటను మాత్రం పంపేది) లీకై, సిగ్నల్ అందుకునే గ్రిడ్‌కు డీసీ పంపుతుండవచ్చు. పాత వాల్వు వాడండి, పాత పేపర్ కెపాసిటర్ వద్దు. ఈఎల్84 కేథోడ్‌లో (ఎలక్ట్రాన్లు బయల్దేరే భాగంలో) 150 ఓముల రెసిస్టర్ పెట్టి, దాని మీద 7 వోల్టుల దగ్గర చూపిస్తే కరెంటు సరిగ్గా ఉన్నట్టు.

వాల్వులు బల్బుల్లా ఊరికే మాడిపోతాయన్నదీ నిజం కాదు, సరిగ్గా నడిపితే వేల గంటలు వస్తాయి. మన దగ్గర వాటి ఆయుష్షు తినేది వోల్టేజీ. పొలాల మోటార్లు ఆగాక లైను 250కి పోతే, 6.3 ఉండాల్సిన హీటర్ 6.8 దాటుతుంది. ఆ వేళల్లో స్టెబిలైజర్ పెట్టుకోండి.

ఇంకొకటి. స్పీకర్ లేకుండా ఆన్ చేసి చూడటం ట్రాన్సిస్టర్ సెట్టుకు చెల్లుతుంది, దీనికి చెల్లదు. లోడ్ లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజీ ఎగిరి ఇన్సులేషన్ చిల్లుపడవచ్చు. అందుకే స్పీకర్ టెర్మినల్స్‌కు అడ్డంగా 100 ఓముల 5 వాట్ల రెసిస్టర్ లోపలే సోల్డర్ చేసి ఉంచుతాను, పిల్లలు తీగ లాగేసినా కొంత ఆసరా ఉంటుందని.